ఖాతా పుస్తకములోని పేర్లు
(సంఘ కూటములో చేసిన ప్రసంగము)



నిండుగా నున్న కొట్టు ఎట్లు మూతపడునో ఈ సాయంకాలము తలపోయుదము. మన జఫర్‌గఢ్ 2016లో జనగామ జిల్లాలో చేరినది. అంతకుముందు వరంగల్ జిల్లాలోనిది. 1997-98లో ఆ జిల్లాలో పత్తికి పురుగు తగిలి, మందు కొట్టినను చావక పంట పోయెను. ఎందరో రైతులు ప్రాణములు తీసికొనిరి.

ఆ మందులు చాలవరకు దుకాణదారులు ఉద్దెరకిచ్చినవే. వారిని నిందించుట సులభము. అయితే లెక్క చూడుడి. కిరాణా కొట్టుతో తృప్తిపడక, మందులు, విత్తనములు కూడ అమ్మి పెద్ద షావుకారు కాగోరినవాడు నూటికి మూడు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చెననుకొందము. నెలకు 3,000, ఏడాదికి 36,000 వడ్డీకే పోవును. సరుకు ఉద్దెరకు పోయెను, పంట రాలేదు, బాకీ రాలేదు. వడ్డీ మాత్రము ఆగలేదు.

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్కించుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో ప్రభువు బోధించెను. ఆ లెక్క వేసికొనకపోవుట అతని తప్పే. కాని తాళము పడిన కొట్టులోని ఖాతా పుస్తకము తెరచిన ఎవరి పేర్లు కనబడును? మన పేర్లే. కాపరులమైన మేమును ఉద్దెర తిన్నవారమే. పంట పోయినవాడు ఇయ్యలేడు, సరే. పెండ్లికి, పండుగకు డబ్బుండియు బాకీ మరచిన మన మాటేమి?

కాబట్టి అతని యింటి ముందు తల తిప్పుకొని పోవద్దు. లోపలికి వెళ్లి కూర్చుందము. మన పద్దు ఎంతో మనమే అడుగుదము. వంద రూపాయలైనను అతని చేతిలో పెట్టి వత్తము.