డిస్కస్ చేపలు, మొక్కల తొట్టె, మన తీరిక
(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎప్పుడూ రక్తపోటు, మధుమేహం, డి.ఏ. బకాయిల గురించేనా, ఈసారి మనసుకు ఆహ్లాదం కలిగించే విషయం చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. అందుకని డిస్కస్ చేపలను మొక్కల మధ్య పెంచడం గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

డిస్కస్ పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉండే చేప. బాగా ఎదిగితే అయిదారు అంగుళాలు ఉంటుంది. పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. 1840లో హెకెల్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు దీనిని మొదటిసారి వర్ణించి శాస్త్రీయ నామం పెట్టాడు. ఈ చేపలో ఒక విశేషం ఉంది. గుడ్ల నుండి వచ్చిన పిల్లలు మొదటి రోజులలో తల్లిదండ్రులిద్దరి ఒంటిమీద ఊరే జిగురు పదార్థాన్ని తిని పెరుగుతాయి. తల్లి అలసిపోతే పిల్లలు తండ్రి దగ్గరకు చేరతాయి. ఈ దృశ్యం చూసినవారు దీన్ని ఒట్టి చేప అనుకోలేరు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. అమెజాన్‌లో డిస్కస్ ఉండే చోట పచ్చని నీటి మొక్కలు అంతగా ఉండవు. కూలిన చెట్ల కొమ్మలు, వేళ్ళు, రాలిన ఆకులే దానికి ఇల్లు. నీరు వెచ్చగా, మెత్తగా, కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. అంటే మొక్కల తోట మన ముచ్చట కోసం, వెచ్చని శుభ్రమైన నీరు చేప ప్రాణం కోసం. రెండింటికీ పొత్తు కుదరని చోట చేప పక్షమే వహించాలి. ఈ పెంపకంలో అసలు సూత్రం ఇదే.

ముందు తొట్టె సంగతి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే మంచిది. అందులో సుమారు 220 లీటర్ల నీరు పడుతుంది. స్టాండు, గాజు, ఇసుక కలిపితే 300 కిలోలు దాటుతుంది కాబట్టి పాత టీపాయి మీద పెట్టరాదు. ఎండ తగిలే కిటికీ దగ్గరా వద్దు, నాచు పట్టేస్తుంది. ఈ చేపలు గుంపుగా బ్రతికేవి. రెండు మూడే ఉంటే బలమైనది బలహీనమైన దాన్ని తరిమి తిండి తిననివ్వదు. అయిదారు ఉండాలి. పసిపిల్లలను పెంచేవారు అడుగున ఇసుక కూడా లేని తొట్టెలో పెంచుతారు, మలినం తీయడం తేలిక కనుక. మొక్కల తొట్టెకు నాలుగు అంగుళాలు దాటిన చేపలనే తీసుకోండి.

డిస్కస్‌కు 28 నుండి 30 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. దుకాణంలో నవనవలాడే చాలా మొక్కలు ఆ వేడికి నెల తిరగకుండానే కుళ్ళిపోతాయి. తట్టుకునేవి కొన్ని ఉన్నాయి. అమెజాన్ స్వోర్డ్, అనుబియాస్, జావా ఫెర్న్, శ్రీలంక నుండి వచ్చిన కొన్ని రకాల క్రిప్టోకోరైన్. అనుబియాస్, జావా ఫెర్న్ దుంపలను ఇసుకలో పూడ్చరాదు, కొయ్యకు దారంతో కట్టాలి. రోజుకు ఏడెనిమిది గంటల దీపం చాలు. రాత్రివేళ మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకుంటాయి. కనుక దీపం ఆర్పిన తరువాత గాలి పంపు నడవాలి.

అన్నిటికంటే కష్టమైనది ఓపిక పట్టడం. తొట్టె కొన్న రోజునే చేపను తేవాలని మనవళ్ళు గొడవ చేస్తారు. లొంగకండి. చేపల విసర్జనల నుండి అమ్మోనియా పుడుతుంది. అది విషం. ఫిల్టరులో పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి, దాని వల్ల హాని తక్కువ. ఈ సూక్ష్మజీవుల సంసారం కుదురుకోవడానికి నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండా ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు చేపల మేత వేస్తూ, పరీక్ష కిట్‌తో చూస్తుండాలి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి నిలిచాకే చేపలను తేవాలి. ఫిల్టరు స్పాంజిని కుళాయి నీటితో కడగవద్దు, క్లోరిన్‌కు ఆ సూక్ష్మజీవులు చస్తాయి. తొట్టెలో నుండి తీసిన నీటిలోనే పిండి పెట్టాలి.

ఇక నీరు మార్చడం. వారానికి రెండుసార్లు, ప్రతిసారీ పాతిక శాతం. అంటే నాలుగు బకెట్లు తీయాలి, నాలుగు పోయాలి. మన నడుములకు, మోకాళ్ళకు ఇది తగిన పని కాదు. పొడవాటి రబ్బరు గొట్టంతో నీరు తీసి, చిన్న పంపుతో కొత్త నీరు ఎక్కించండి. తీసిన నీటిలో మందు కలపకపోతే అది పూలకుండీలకు మంచి ఎరువు. కొత్త నీటిని ఒక డ్రమ్ములో పట్టి, గాలి పంపుతో ఒక రోజు ఉంచితే మామూలు క్లోరిన్ పోతుంది. తొందరైతే దుకాణాలలో దొరికే క్లోరిన్ మందు వాడవచ్చు. అందులో సాధారణంగా ఉండేది పాత ఫోటో స్టూడియోలలో వాడిన హైపోయే. మన బోరు నీరు చాలాచోట్ల కఠినంగా ఉంటుంది కనుక ఆర్.ఓ. నీటితో కలిపి పోయాలి. ఉత్త ఆర్.ఓ. నీరు కూడా పనికిరాదు, అందులో లవణాలు దాదాపు ఉండవు. కొత్త నీరు పాత నీటి వేడికి సరిపోవాలి.

చలికాలానికి థర్మోస్టాట్ ఉన్న హీటరు తప్పదు. నీటిలో చేయి పెట్టే ముందు ప్లగ్గు తీయండి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి పైకి వెళ్ళేలా చూస్తే నీటి చుక్కలు సాకెట్టులోకి పోవు. ఎండాకాలంలో నీరు 32 డిగ్రీలు దాటితే మూత తీసి ఫ్యాను గాలి తగలనివ్వండి. మట్టికుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. కరెంటు పోతే ఇన్వర్టరు మీద గాలి పంపు నడవాలి, హీటరు కాదు.

మేత రోజుకు రెండుసార్లు, కొద్ది నిమిషాలలో తినేంత. మిగిలింది తీసేయాలి. చేప నల్లబడి మూల చేరినా, మేత మానినా, తెల్లటి దారం వంటి మలం విడిచినా ఏదో తేడా వచ్చిందన్నమాట. మందుల దుకాణానికి పరుగెత్తే ముందు నీటిని పరీక్షించండి. చాలాసార్లు జబ్బుకు మూలం అక్కడే దొరుకుతుంది. వేడి, పరీక్ష ఫలితాలు, నీరు మార్చిన తేదీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసిన చేతులు మనవి!

తోడుగా కార్డినల్ టెట్రా చేపలు సరిపోతాయి. సక్కర్ చేప వద్దు. అది డిస్కస్ ఒంటికి అతుక్కుని జిగురు గీకుతుంది. ఎవరో వదిలేసిన ఆ చేపే మన జిల్లాల చెరువులలో దెయ్యం చేపగా పేరుపడి రైతులను, జాలరులను ఏడిపిస్తున్నది. ఏ తొట్టె చేపనూ చెరువులో, కాలువలో వదలరాదు.

చివరిగా ఒక్క మాట. బాగా చూసుకుంటే డిస్కస్ పదేళ్ళ వరకు బ్రతుకుతుంది. మన వయసుకు ఇది ఆలోచించవలసిన లెక్క. మనం ఆస్పత్రిలో చేరినా, పిల్లల దగ్గరకు విదేశం వెళ్ళినా వారానికి రెండుసార్లు నీరు మార్చేది ఎవరు? మేత లేకుండా పెద్ద చేప నాలుగైదు రోజులు ఉండగలదు. నీటి సంగతి నెలల తరబడి వాయిదా వేయలేం. కాబట్టి కొనే ముందు ఇంట్లోవారిని కూర్చోబెట్టి అడగండి. కోడలో, మనవడో మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే పని మొత్తం వారికి నేర్పి, ఆ తరువాతే తొట్టె కొనండి. ఒప్పుకోకపోతే వారిని తప్పుపట్టవద్దు. ఒక్కొక్క చేప ఖరీదు వందలలో మొదలై వేలలోకి పోతుంది, కరెంటు ఖర్చు అదనం. పెన్షన్‌లో దానికి చోటుందో లేదో కూడా చూసుకోండి.

ఇవన్నీ కుదిరిన ఇంట్లో మాత్రం డిస్కస్ తొట్టె మంచి స్నేహితుడు. రోజూ ఒకే వేళకు చేసే పని, దాని కోసం లేవాలనే తలంపు, పక్కన వచ్చి కూర్చునే మనవరాలు, ఉద్యోగ విరమణ తరువాత ఇవి చిన్న విషయాలు కావు.

 సందేహాలుంటే టీ సమయంలో అడగండి, తెలిసినంత మేరకు చెబుతాను.