రంగు ఎక్కువైందా, వెలుగే అలాంటిదా?

ఈ పూట ఒక్క ఫోటో గురించే మాట్లాడతాను. 1981లో లాసాలో అమెరికన్ ఫోటోగ్రాఫర్ గేలెన్ రోవెల్ తీసింది. దలైలామాలు ఒకప్పుడు నివసించిన పొటాలా భవనం, దాని మీదికి దిగిన ఇంద్రధనుస్సు.

ఆ ఫోటో చూడగానే చాలామంది ‘రంగులు దిద్దారు’ అనేసి పేజీ తిప్పేస్తారు. దయచేసి అంత తొందరపడకండి. అదంతా వెల్వియా అనే స్లయిడ్ ఫిల్ము మహిమ అనేవాళ్లూ ఉన్నారు. పచ్చదనాన్నీ ఎరుపునీ గాఢంగా పట్టే ఆ ఫిల్ము 1990లో గానీ రాలేదు!

ఇంద్రధనుస్సు ఒకచోట పాతిన స్తంభం కాదు. సూర్యుడికి సరిగ్గా ఎదుటి బిందువు చుట్టూ, సుమారు 42 డిగ్రీల కోణంలో, చూసేవాడి కంటికే కడుతుంది. మనం జరిగితే అదీ జరుగుతుంది. రోవెల్‌కు మొదట కనిపించినప్పుడు ఆ విల్లు భవనానికి ఎడంగా ఉంది. ఈ కిటుకు తెలిసిన రోవెల్, సుమారు 3,650 మీటర్ల ఎత్తున, ఊపిరందని ఆ గాలిలో కెమెరా పట్టుకుని పరుగు తీశాడు, విల్లు కొస భవనం మీద వాలేదాకా. ఆ పరుగంటే నాకెంత ఇష్టమో!

ఇక రంగు సంగతి. ఇంద్రధనుస్సు కనపడిందంటే సూర్యుడు ఫోటోగ్రాఫర్ వెనక, కిందుగా ఉన్నట్టే. ఎదుట వాన మబ్బు నలుపు, దాని ముందు ఎండ పడ్డ రంగు చిక్కగా కనిపిస్తుంది. నాకిది పుస్తకంలో కంటే మా డాబా మీద బాగా అర్థమైంది. వాన వెలిసిన సాయంత్రం, తూర్పున మబ్బు కమ్మి ఉండగా, పడమటి ఎండ ఎదుటి వేపచెట్టు మీద పడింది. తడి ఆకుల్లో ఒక్కొక్క ఈనె విడిగా మెరిసింది. ఆ పచ్చదనాన్ని ఫోటోలో చూపిస్తే నమ్మేవాళ్లు తక్కువ.

ఆ వెలుగుకు తోడు, ఇలాంటి ఫోటోలు తీసే స్లయిడ్ ఫిల్ము నీడల్ని త్వరగా నలుపు చేసేస్తుంది. ఆ నలుపు పక్కన రంగు మరింత చిక్కగా కనిపిస్తుంది. వెలుతురు కొలత కాస్త ఎక్కువైతే తెలుపుల్లో వివరాలన్నీ చెరిగిపోతాయి, కడిగాక దిద్దుకోవడానికి నెగటివ్‌లో ఉన్నంత వీలుండదు.

కాబట్టి ఆ బొమ్మ దొరికితే ఇంద్రధనుస్సును కాసేపు పక్కన పెట్టండి. ముందు నీడలు ఎటు పడ్డాయో చూడండి, తర్వాత పొటాలా తెల్లగోడల మీద ఎండ ఏ రంగున ఉందో చూడండి. విల్లు దగ్గరికి ఆఖర్న రండి.