కొత్త గేటు కార్డు – మన రోజుల లెక్క

(ధర్మపురిలో జరిగిన మిల్లు కార్మికుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మిల్లు గేటు దగ్గర పాత అట్ట కార్డులు తీసేసి, యంత్రానికి చూపించే కొత్త కార్డులు ఇస్తామని యాజమాన్యం నోటీసు అంటించింది. "కార్డే కదా, ఏముంది?" అని కొందరంటున్నారు. "ఇక మన పని అయిపోయినట్టే" అని మరికొందరంటున్నారు. రెండూ తొందరపాటు మాటలే. కార్డుకు మేం వ్యతిరేకం కాదు. కార్డు మారేటప్పుడు మన రోజులు మాయం కాకూడదన్నదే మా మాట.

అట్ట కార్డు ఎందుకు పుట్టింది? 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం కింద తయారైన మాదిరి నిబంధనల్లో, బదిలీ కార్మికుడికి ఒక కార్డు ఇవ్వాలనీ, అతను పనిచేసిన రోజులు అందులో రాయాలనీ ఉండేది. అంటే అది గేటు దాటడానికి మాత్రమే కాదు, పని చేశామనడానికి మన చేతిలో ఉన్న రుజువు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. చట్టం మారింది గానీ రుజువు అవసరం తీరలేదు.

ఎందుకో చూడండి. తమిళనాడు 1981లో చేసిన శాశ్వత హోదా చట్టం ప్రకారం, 24 నెలల్లో 480 రోజులు పనిచేసిన కార్మికుణ్ణి పర్మనెంటు చేయాలి. నెలకు సగటున 20 రోజులు. యంత్రం నెలకు ఒక్క రోజు వదిలేసిందనుకోండి, లెక్క 456 దగ్గర ఆగిపోతుంది. రెండేళ్లు రింగు ఫ్రేము దగ్గర నిలబడిన మనిషి 24 రోజుల లోటుతో బదిలీగానే మిగిలిపోతాడు. ఈఎస్ఐలోనూ అంతే. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు పడితేనే జబ్బు భత్యం దొరుకుతుంది. ఒక్క రోజు తగ్గినా మంచాన పడ్డప్పుడు చేతికి పైసా రాదు.

మన రాష్ట్రంలో 2017లో పాత రేషన్ పుస్తకం పోయి స్మార్ట్ కార్డు వచ్చింది. సరుకు తీసుకుంటే ఫోనుకు సందేశం వస్తుంది. కిలో పంచదారకు లెక్క చెప్పగలిగినప్పుడు, ఎనిమిది గంటల చెమటకు లెక్క చెప్పలేరా?

అందుకే మా కోర్కెలు ఇవి:

1. పాత కార్డులోని రోజులన్నీ కొత్త లెక్కలోకి ఎక్కించి, టైమ్ ఆఫీసు సంతకంతో ఒక ప్రతి కార్మికుడికి ఇవ్వాలి. అంతవరకు పాత కార్డు వెనక్కి తీసుకోకూడదు.

2. ఒక నెలపాటు రెండు లెక్కలూ పక్కపక్కన నడపాలి. తేడా వస్తే సంఘం ఎదుట సరిచూడాలి.

3. యంత్రం కార్డును చదవకపోతే అదే షిఫ్టులో రిజిస్టరులో రాయాలి. ఆ పూట ఆబ్సెంటు వేయకూడదు.

4. ప్రతి నెలా పనిరోజులు, ఓవర్‌టైము, ఈఎస్ఐ, పీఎఫ్ వివరాలతో చీటీ ఇవ్వాలి. కాంట్రాక్టు కార్మికులకూ ఇదే వర్తించాలి.

ఇవి యాజమాన్యం చేయాల్సినవి. మనం చేయాల్సింది కూడా ఒకటుంది. ఈ రోజు నుంచే ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. తేదీ, షిఫ్టు, ఫ్రేము నంబరు రాయండి. రాయడం రానివారికి పక్క ఫ్రేము మీద ఉన్నవారు రాసి పెట్టాలి. అక్క రాసిస్తుంది, తమ్ముడు రాసిస్తాడు. సంఘం అంటే అదే. సంతకం లేని చోట, ఏ కాగితమైనా చదివించుకోకుండా వేలిముద్ర వేయకండి.

యంత్రం అబద్ధం చెప్పదంటారు. కానీ దానికి లెక్క అప్పజెప్పేది మనిషే. ఆ లెక్క మన కళ్ల ముందు ఉండాలి.

కార్డు మారవచ్చు, మన రోజులు మనవే!

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!