మోటుపల్లిలో చూడడానికేముంది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక విశ్రాంత ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. వాణిజ్య పన్నుల శాఖలో గుమాస్తాగా చేరి, ముప్పయి నాలుగేళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసి బయటపడ్డవాణ్ణి. డి.ఏ. బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రం "మీరు మొన్న ఎక్కడికో వెళ్లొచ్చారట, ఆ సంగతి చెప్పండి" అన్నారు. అందుకని ఒక్కరోజు ప్రయాణం గురించి నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

మా అమ్మాయి కుటుంబం ఇంగ్లండులో ఉంటుంది. నిరుడు డిసెంబరు నెలాఖరులో సెలవులకు వచ్చారు. మనవరాలికి పదకొండేళ్లు. అంతకుముందు వేసవిలో వాళ్లు స్పెయిన్ దేశంలోని కాదిజ్ అనే రేవుపట్నం చూసి వచ్చారట. ఆ ఫొటోలన్నీ ఒక్కొక్కటే నాకు చూపించింది. దాదాపు మూడు వేల ఏళ్ల కిందట ఫినీషియన్లనే వర్తకులు వెలయించిన ఊరని చెప్పుకుంటారు. కొలంబస్ రెండో ప్రయాణానికి 1493లో ఓడలు బయలుదేరింది అక్కడి నుంచే. తమ ఓడలు వస్తున్నాయో లేదో చూసుకోవడానికి వర్తకులు ఇళ్ల మీద బురుజులు కట్టుకున్నారట. ఆ బురుజు ఒకటెక్కి పిల్ల ఊరంతా చూసింది. అన్నీ చెప్పి చివర అడిగింది: "తాతయ్యా, మన దగ్గర అట్లాంటి ఊరు లేదా?"

ఉందన్నాను. "చిన్నగంజాం దగ్గర మోటుపల్లి."

మా ఆవిడ వంటింట్లోంచే అంది: "ఏవండీ, అక్కడ చూడడానికేముంది? పిల్లను ఎండన పడి తిప్పడం తప్ప!"

ఆ మాటలో అబద్ధం లేదు. అక్కడ బురుజుల్లేవు, ఓడల్లేవు. నేను ఆ చుట్టుపక్కలే ఉద్యోగం చేసి కూడా ఒక్కసారైనా వెళ్లి చూసిన పాపాన పోలేదు. అయినా మర్నాడు ఉదయం కారు మాట్లాడుకుని బయలుదేరాం.

చీరాలలో ఫలహారం చేశాం. పురపాలక సంఘం పన్నులకు ఒప్పుకోక 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వాన జనం ఇళ్లు విడిచి ఊరి బయట పాకల్లో కాపురమున్న చీరాల ఇదేనని పిల్లకు చెప్పాను. "పన్ను వసూలు చేసేది మీలాంటివాళ్లేగా తాతయ్యా!" అంది. నవ్వి ఊరుకున్నాను.

అక్కడి నుంచి వేటపాలెం. సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. 1929లో గాంధీగారు వచ్చి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్ర ఒకటి అక్కడ భద్రపరచి ఉంది. పాత పత్రికలు, పుస్తకాలు చూడదలచినవారు తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని వెళ్లండి. వేటపాలెం వెళ్లినవారు జీడిపప్పు కొనకుండా తిరిగి రారు. మేమూ రాలేదు.

ఇక మోటుపల్లి. 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ తరువాత ప్రకాశం, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. ఊరు కదలలేదు గాని జిల్లాలు మారాయి. కాకతీయుల కాలంలో ఆంధ్రదేశానికి ముఖ్యమైన సముద్ర ద్వారాల్లో ఇది ఒకటి. వీరభద్రస్వామి ఆలయ మండపంలో ఒక స్తంభం మీద గణపతిదేవుడి శాసనం ఉంది. క్రీ.శ. 1244-45 నాటిది. దీన్నే అభయ శాసనం అంటారు. లిపి పాతది, మనబోటివాళ్లకు చదవ రాదు. అర్థం ముందుగా పుస్తకంలో చూసి కాగితం మీద రాసుకుని వెళ్లాను. మీరూ అలాగే చేయండి. లేకపోతే అది వట్టి రాయిగానే కనిపిస్తుంది.

సంగతేమిటంటే, ఆ రోజుల్లో తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ తీరాన్నేలే రాజు లాగేసుకునేవాడు. అదొక హక్కుగా చలామణి అయింది. గణపతిదేవుడు ఆ హక్కు వదులుకున్నాడు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ తీసుకోనని రాతి మీద రాయించాడు. ఆ సుంకం ముప్పయ్యింట ఒక వంతు, దిగుమతికైనా ఎగుమతికైనా అంతే. ఇంకా చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, సీసం, పట్టు, పగడాలు, మిరియాలు, పోకలు అని సరుకుల పట్టిక ఉంది. మా శాఖవాళ్లు చూస్తే ఇది రేట్ల షెడ్యూలే అంటారు.

ఆ పట్టికలో మిరియాలున్నాయి గాని మిరపకాయ లేదు. ఉండడానికి వీల్లేదు. మిరప అమెరికా ఖండపు పంట. కొలంబస్ ప్రయాణాల తరువాత స్పెయిన్, పోర్చుగల్ ఓడల మీద అది ప్రపంచమంతా పాకింది. పోర్చుగీసుల ద్వారా మన దేశానికి చేరింది. ఈనాడు గుంటూరు యార్డులో ఎర్రగా పరుచుకునే సరుకు కూడా ఒకనాడు ఓడ దిగి వచ్చినదే. ఈ మాట చెప్పేసరికి మనవరాలికి కాదిజ్‌కూ మోటుపల్లికీ చుట్టరికం కుదిరింది.

వెనిస్ నగరపు యాత్రికుడు మార్కో పోలో తన గ్రంథంలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ ప్రాంతం గురించేనని చరిత్రకారులు చెబుతారు. ఇక్కడ వివేకవంతురాలైన రాణి చాలాకాలం పాలించిందనీ, సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారనీ, వజ్రాలు దొరుకుతాయనీ రాశాడు. పాములున్న లోయలోకి మాంసం ముక్కలు విసిరితే వజ్రాలు వాటికంటుకుంటాయట, గద్దలు వాటిని పైకి తెస్తాయట! పిల్లలకు చెప్పదగ్గ కథ. ఆ రాణి రుద్రమదేవి. ఆమెను రాజుగారి భార్య అనుకున్నాడు, నిజానికి కూతురు. ఆమె 1289లో మరణించినట్లు నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వల్ల తెలిసింది. మార్కో పోలో ఈ సముద్రం మీద ప్రయాణించింది ఆ తరువాత అంటారు గనుక, వినికిడి మీద రాసి ఉండాలి. పొరపాటు సంగతి ఎలా ఉన్నా, వెనిస్‌వాడి పుస్తకంలోకి మన రాణి కీర్తి, మన నేతగాళ్ల పనితనం ఎక్కాయి కదా!

కాకతీయుల తరువాత కొండవీటి రెడ్డిరాజులు కూడా ఈ రేవును నిలబెట్టారు. అనపోతారెడ్డి 1358లో వర్తకులకు రాయితీలిస్తూ మోటుపల్లిలోనే మరో శాసనం వేయించాడు. తర్వాతి కాలంలో ఏలేవారు మారారు, మచిలీపట్నం పెరిగింది, ఇక్కడికి ఓడలు రావడం తగ్గిపోయింది.

ఇంతవరకు చెప్పింది పుస్తకాల్లో దొరుకుతుంది. ఇక చెప్పబోయేది దొరకదు. చెప్పాలా వద్దా అని ఈ ఉదయం దాకా ఆలోచించాను.

1987లో నేనొక చెక్‌పోస్టులో పని చేస్తున్నాను. పేరు అనవసరం. ఏప్రిల్ నెలాఖరున ఒక రాత్రి మిర్చి టిక్కీలతో లారీ వచ్చింది. వే బిల్లులో ఒక చోట సంతకం లేదు. సరుకు తాలూకు మనిషి లారీలోనే ఉన్నాడు. పెద్ద షావుకారేమీ కాదు, తన పంటతో పాటు ఊళ్లోవాళ్ల పంట కూడా కలిపి తెచ్చుకున్న రైతు. తెల్లవారి అధికారి వచ్చేదాకా కదలడానికి వీల్లేదన్నాను. నిబంధన అదే, అందులో నా తప్పు లేదు. అర్ధరాత్రి దాటాక ఈదురుగాలి, వాన. పట్టా చిరిగి ఉంది. ఆ మనిషి వచ్చి, "అయ్యా, పన్ను కట్టనని నేననడం లేదు. లారీని కాస్త నీడకు చేర్చనీయండి, చాలు" అన్నాడు. వెనుక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. తాళం చెవి నా సొరుగులోనే ఉంది. పట్టుకున్న సరుకు ఉంచడానికే గాని ఇలాంటి వాటికి తెరవకూడదని చెప్పి, సొరుగు మూసి పడుకున్నాను.

తెల్లవారి కాగితం సరిచేసి లారీని వదిలేశాం. అప్పటికి పైవరస టిక్కీలన్నీ తడిసి ముద్దయ్యాయి. తడిసిన మిర్చి రంగు పోయి తాలుకాయ కింద లెక్కలోకి పోతుందని ఈ ప్రాంతంవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ మనిషి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

ఎవరూ నాకు మెమో ఇవ్వలేదు. ఇచ్చే వీలు కూడా లేదు, రికార్డు ప్రకారం అంతా సక్రమమే. కాని మోటుపల్లి మండపంలో నిలబడి పిల్లకు ఆ అర్థం చదివి వినిపిస్తుంటే, తుపాను దెబ్బ తిన్నవాడి సరుకు జోలికి పోనన్న మాట దగ్గర నా గొంతు ఆగిపోయింది. సుంకం వదులుకోమని ఆ రాజు చెప్పలేదు. ముప్పయ్యింట ఒక వంతు ఖచ్చితంగా వసూలు చేశాడు. కష్టంలో ఉన్నవాణ్ణి ఇంకా ముంచవద్దన్నాడు, అంతే. నేను కూడా పన్ను వదులుకోనక్కర్లేదు. తాళం తీస్తే సరిపోయేది.

ఈ సంగతి పిల్లకు అక్కడే చెప్పాను. మా ఆవిడ కూడా మొదటిసారి విన్నది. పిల్ల కాసేపు ఊరుకుని, "ఆయన పేరేమిటి తాతయ్యా?" అని అడిగింది. కాగితం మీద ఉండే ఉంటుంది. నాకు గుర్తు లేదు.

తిరిగి కారెక్కేటప్పుడు మా ఆవిడ, "చూడడానికేముంది అన్నాను గాని, మీరు చూడవలసింది ఉంది లెండి" అంది.

ఇక వెళ్లదలచినవారికి కొన్ని సూచనలు. డిసెంబరు, జనవరి నెలలు అనుకూలం. ఉదయం పది గంటల లోపు మోటుపల్లి చేరేటట్లు చూసుకోండి. తాగే నీళ్లు, మందులు, షుగరు ఉన్నవారికి తినడానికేదైనా వెంట ఉంచుకోండి. కాలకృత్యాలు చీరాలలోనే ముగించుకోవడం మేలు. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం మడత కుర్చీ ఒకటి కారులో వేసుకోండి. మా ఆవిడకు అదే అక్కరకొచ్చింది. శాసన స్తంభానికి పసుపు, కుంకుమ, నూనె పూయనీయకండి. భోజనాలయ్యాక బాపట్ల వెళ్లి భావనారాయణస్వామిని దర్శించి, సాయంత్రానికి సూర్యలంక తీరం చేరవచ్చు. పిల్లలను నీళ్లలోకి ఒంటరిగా వదలకండి, చూడడానికి ప్రశాంతంగా ఉన్నా ఆ సముద్రాన్ని నమ్మరాదు. మరో రోజు ఓపిక ఉంటే నిజాంపట్నం చూడండి. ఐరోపావారు పెటపోలి అని రాసిన రేవు అదే. డచ్చివారు 1606లో, ఇంగ్లీషువారి 'గ్లోబ్' ఓడ 1611లో అక్కడికి వచ్చాయి.

చివరగా ఒక్క మాట. డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని చెప్పింది. అది మనకు దొరికిన అభయ శాసనం. దాని నీడలో మనమంతా నాలుగు మెతుకులు నిశ్చింతగా తింటున్నాం. అభయం పొందినవాళ్లం గనుక అభయం ఇవ్వడం గురించి పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మన మీద ఉంది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చాక మా చెక్‌పోస్టులు పోయాయి. తాళం చెవులు మాత్రం ఇంకా ఎందరి సొరుగుల్లోనో ఉన్నాయి. మన కొడుకులు, కోడళ్లు, అల్లుళ్లు ఈ రోజు ఏదో ఒక బల్ల వెనుక కూర్చునే ఉన్నారు. వాళ్లను కూడా ఒకసారి మోటుపల్లి తీసుకెళ్లండి. చూడడానికేముంది అంటే, రాయి ఉందని చెప్పండి. దాని మీద ఏముందో మీరే చదివి వినిపించండి.