పనిలో పెద్దరికం
(కొయ్యూరు సభలో చేసిన ప్రసంగ పాఠం)



పనిలో పెద్దరికం గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు మమ్మల్ని కోరారు. ఈ సభలో మేస్త్రీలున్నారు, షాపు యజమానులున్నారు, మెకానిక్కులున్నారు, ఆఫీసులలో పనిచేసేవారున్నారు. తనకింద నలుగురు పనిచేసే ప్రతివాడూ పెద్దే. ఆ పెద్దరికం ఎలా నిలుస్తుందో, ఎలా పోతుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. మనం కూర్చున్న ఈ కొయ్యూరు గడ్డే చెబుతుంది.

నూరేళ్ల కిందటి మాట. నర్సీపట్నం నుండి లంబసింగి వైపు కొండల్లో రోడ్డు వేస్తున్నారు. పని చేసేది మన్యం కూలీలు. పైన అధికారి గూడెం తాసీల్దారు బాస్టియన్. కంట్రాక్టరుతో కలిసిపోయి కూలీలకు న్యాయమైన కూలి దక్కకుండా చేశాడనీ, ఎదురు తిరిగినవారిని కొట్టించాడనీ అతనికి చెడ్డపేరు. అల్లూరి సీతారామరాజు పైవారికి ఫిర్యాదు చేస్తే చర్య లేదు సరిగదా, రాజుమీదనే ఎదురు రిపోర్టు పోయింది. కింది మనిషి గోడు పైవాని చెవికి ఎక్కలేదన్నమాట. ఆ తరువాత ఏమైందో మీకు తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లమీద దాడులు జరిగాయి.

అదే ప్రభుత్వంలో ఇంకొక అధికారి కూడా ఉన్నాడు. ఆయన పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లా ఖాన్. రాజును పైడిపుట్టలో పోలీసు నిఘాలో ఉంచిన రోజుల్లో ఈయన అతన్ని అనుమానితునిగా గాక మనిషిగా చూశాడు, సాయపడ్డాడు. ఇద్దరూ ఒకే సర్కారు జీతగాళ్లే. ఒకరి పేరు తలిస్తే కొరడా గుర్తుకొస్తుంది, ఇంకొకరి పేరు తలిస్తే మంచితనం గుర్తుకొస్తుంది. కుర్చీ ప్రభుత్వం ఇస్తుంది, పేరు మాత్రం మనమే తెచ్చుకోవాలి.

ఇక రాజు సంగతి. ఆయన మైదానంనుంచి వచ్చినవాడు. గాము గంటందొర, మల్లుదొర వంటి స్థానిక వీరులు ఆయన వెంట ఎందుకు నడిచారు? ముందు ఆయన వారి మధ్య బ్రతికాడు. మందులిచ్చాడు, తగవులు తీర్చాడు, తాగుడు మానమని చెప్పాడు. తరువాతనే ముందు నడిచాడు. రాజవొమ్మంగి స్టేషనులో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు. తమవాడు లోపల ఉంటే వదిలి పోలేదు. పట్టుకొచ్చిన తుపాకులకు స్టేషను పుస్తకంలో లెక్క రాసి సంతకం పెట్టాడు. నమ్మకమున్నచోట లెక్క కూడా ఉంటుంది, గమనించండి.

సర్కారు ఆయన తలకు పదివేల రూపాయల వెల కట్టింది. అయినా మన్యం సుమారు రెండేళ్లు ఆయన్ని దాచింది. చివరకు 1924 మే 7న ఇదే కొయ్యూరులో, చెట్టుకు కట్టి కాల్చివేశారు. తుపాకుల సంగతి చెప్పడానికి ఈ కథ ఎత్తలేదు. మేము చెప్పదలచింది ఒక్కటే. అధికారికి నిజం చెప్పని ఆ నోళ్లే, తమవాడనుకున్న మనిషికి ఊరూరి వార్తా చేరవేశాయి. భయపడ్డవాడు పెద్దకు నిజం చెప్పడు, నమ్మినవాడు అడగకుండానే చెబుతాడు.

ఈ సంగతి మేము పుస్తకంలో నేర్చుకోలేదు, దెబ్బతిని నేర్చుకున్నాము. ఒకప్పుడు మాకింద పదిపన్నెండుమంది జట్టు ఉండేది. ఒక కల్వర్టు పని. ఒక కుర్రాడు ఆలస్యంగా వచ్చాడని అందరిముందూ కసిరి సగం కూలి కోశాము. ఇంట్లో బిడ్డకు జ్వరమని తరువాత తెలిసింది. కోసిన కూలి ఇచ్చేద్దామనుకుంటూనే ఊరుకున్నాము. మాట పోతుందని భయం! వారం తిరక్కుండానే సెంట్రింగు కూలింది. ఆ రోజు వానకు పని ఆపాము గనుక ఎవరికీ దెబ్బ తగలలేదు. కింద పోటు కర్ర ఒకటి కదిలిందని ముందురోజే ఆ కుర్రాడు చూశాడట. "మరి చెప్పలేదేంరా?" అంటే, "చెబితే నన్నే అంటారనుకున్నాను బాబూ" అన్నాడు. ఆ మాట మాకు ఇప్పటికీ ముల్లులా ఉంది. కర్ర కదిలిన తప్పు ఎవరిదైనా, వాడి నోరు మూయించిన తప్పు మాత్రం మాదే.

మరునాడు జట్టు ముందరే కోసిన కూలి ఇచ్చి, తప్పు మాదని ఒప్పుకున్నాము. మాట పోలేదు. ఆ తరువాత పలుగు విరిగినా, సిమెంటు తడిసినా మాకే ముందు చెప్పేవారు.

కాబట్టి సోదరులారా, మా అనుభవంలో తేలినవి మనవి చేస్తాము. కూలి పూర్తిగా, వేళకు ఇవ్వండి. ఈ విషయంలో ప్రవక్తగారి బోధ మీకు తెలిసినదే, మరల చెప్పనక్కరలేదు. ఆలస్యమైన మనిషిని కోప్పడేముందు ఎందుకని అడగండి. చెడ్డ కబురు తెచ్చినవాణ్ణి ముందు మెచ్చుకోండి, తరువాత కారణం వెతకండి. మందలింపు చాటున చేయండి, మెప్పు నలుగురిలో చేయండి. పైవారు అడిగినప్పుడు "మావాడి తప్పు" అనక "మా తప్పు" అనండి. ఒకడు సెలవుపోతే మిగిలినవారు వాడి పని పంచుకునే అలవాటు చేయండి, ఆ పంచుకోవడంలో మీరూ ఒక చెయ్యి వెయ్యండి. జాలి ఉంటే పని చెడుతుందని కొందరంటారు. పని లెక్క అడగవలసిందే. అయితే మనిషిని తక్కువచేసి అడగరాదు.

కొయ్యూరు ఈనాడు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. నాటి తాసీల్దారు పేరు ఏ ఊరికీ పెట్టలేదు. రేపు పనికి వెళ్లినప్పుడు మీ జట్టులో అందరికన్నా తక్కువ మాట్లాడే మనిషిని ఒకసారి పలకరించండి. "ఏం బాబూ, అంతా బాగేనా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడండి. ఈరోజుకు మేము కోరేది అంతే.