చెకుముకి తుపాకి: మన చేతి పని, మన లెక్క

(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన విద్యార్థి నిధి కోసం ఈసారి చందా పుస్తకం పట్టుకొని తిరగకుండా, ఒక మంచి వస్తువు మన చేత్తో చేసి వేలం వేద్దామని మీరే అన్నారు. అది నగిషీ చెక్కిన పాతకాలపు చెకుముకి తుపాకి అయితే బాగుంటుందని కూడా మీరే అన్నారు. నేను చెక్కపని చేసేవాణ్ణి కాబట్టి నన్ను మాట్లాడమన్నారు. ఎలా చెయ్యాలో చెబుతాను. అంతకంటే ముందు ఏది చెయ్యకూడదో చెబుతాను.

అగ్గిపెట్టె రాకముందు అడవిలో నిప్పు ఎట్లా పుట్టించేవారో మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి. చెకుముకి రాయి, ఒక ఇనుప ముక్క, కాస్త బూరుగు దూది. రాయి ఇనుమును గీకితే రవ్వ లేస్తుంది, దూది అంటుకుంటుంది. చెకుముకి తుపాకిలో ఉన్నది సరిగ్గా ఆ కిటుకే. రాయిని పట్టుకున్న సుత్తి వెనక్కి లాగి ఉంటుంది. మీట నొక్కగానే అది ముందుకు పడి ఉక్కు పలకను గీకుతుంది. రవ్వలు కింద ఉన్న చిన్న గిన్నెలోని మందు మీద పడతాయి. ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోయి అసలు మందును అంటిస్తుంది. ఐరోపాలో 17వ శతాబ్దం మొదట్లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి దాదాపు 200 ఏళ్లు నడిచింది. కుంపెనీ సిపాయిల చేతుల్లో మన దేశమంతా తిరిగింది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో కమ్మరులు మేపుల్ కర్రకు ఇత్తడి పలకలు తాపి చేసిన పొడవాటి రైఫిళ్లకు ఇప్పటికీ పేరుంది. అక్కడ సంఘాలు అలాంటివి చేతితో చేయించి నిధి కోసం పెట్టే అలవాటూ ఉంది.

మరి మనం అట్లాగే పేలేది చెయ్యొచ్చు కదా అని ఒక తమ్ముడు అడిగాడు. చెయ్యకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారు చెయ్యడం, అమ్మడం నేరం. 2019లో ఆ చట్టాన్ని సవరించారు. ఇప్పుడు అక్రమంగా తయారు చేస్తే శిక్ష 7 ఏళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. "అలంకారానికే చేశాం సార్" అంటే పని జరగదు. కర్ణాటకలో కొడవలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. వాళ్లు కైల్‌పోద్ పండుగనాడు తుపాకులకు పూజ చేస్తారు. 2019లో కేంద్రం ఆ మినహాయింపును మరో పదేళ్లు పొడిగించింది. ఆ వీడియోలు ఫోన్లో చూసి మనకూ వర్తిస్తుందనుకోవద్దు.

ఇంకో మాట చట్టం కంటే పెద్దది. మన ఊళ్లు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవిలో ఉన్నాయి. ఇక్కడ ఎన్ని ఏళ్లుగా కాల్పులు విన్నామో నేను చెప్పనక్కర్లేదు. అడవి దారిలో ఒక పిల్లవాడి భుజాన తుపాకి ఆకారం కనిపిస్తే, దూరం నుంచి చూసేవాడికి అది చెక్కదని తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఏ వేలం పాటా ఒక పిల్లవాడి ప్రాణానికి సరిపోదు.

అందుకని నా షరతులు ఇవి. గొట్టానికి చిల్లు ఉండదు, అది నిండు చెక్క. మీట కదలదు, సుత్తి పడదు, అన్నీ దిమ్మలోనే చెక్కిన భాగాలు. పూర్తయిన వస్తువును పలకకు బిగించి అద్దం బిగిస్తాం. ఎవరూ భుజాన వేసుకొని ఫోటో దిగరు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పెట్టెలోనే పోతుంది, సంఘం ఉత్తరం వెంట ఉంటుంది. పని మొదలుపెట్టకముందే స్టేషన్‌లో రాతపూర్వకంగా చెబుతాం.

ఇప్పుడు పని సంగతి. మడమకు, దిమ్మకు టేకు వాడదాం, కానీ బిల్లుతో కొన్న ముక్కే. అడవిలో కొట్టి తెచ్చిన కర్ర మీద నా ఉలి ఆనదు. గొట్టానికి అంకుడు కర్ర బాగుంటుంది. ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే. మెత్తగా తెగుతుంది, లేతు మీద గుండ్రంగా వస్తుంది, లక్క రంగు చక్కగా పడుతుంది. నల్ల లక్క వేస్తే ఇనుమే అనిపిస్తుంది. ఇత్తడి బిళ్లలకు ఆదిలాబాద్ వోజుల దగ్గరికి పోదాం. మట్టి అచ్చు మీద మైనం తీగలతో బొమ్మ కట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనం కరిగిపోయిన చోట ఇత్తడి పోస్తారు. ఆ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన పండక్కి వాళ్ల చేతి పని కూడా కలిస్తే అన్నదమ్ముల నిధి అనే మాటకు అర్థం ఉంటుంది. పట్టీకి పూసలు, గవ్వలు చెల్లెళ్లు కడతామన్నారు. వాళ్ల పని గంటలు కూడా రాసుకుందాం, ఊరికే చేశారని అనుకోవద్దు.

దుప్పి కొమ్ము, అడవిదున్న కొమ్ము, గోరు, చర్మం ఏదీ వద్దు. 1972 వన్యప్రాణి చట్టం ఉంది. ఇంట్లో తాతల నాటి కొమ్ము ఉందని తేవద్దు. కొమ్ము కోయ ఆటలో తలకు కట్టే కొమ్ముల రూపాన్ని ఇత్తడిలో పోయిద్దాం, చాలు.

బొమ్మల విషయంలో ఒక గీత గీసుకుందాం. ఇప్పచెట్టు, నెమలి, అడవిదున్న, డోలు, విత్తనాల పండుగ ఆట చెక్కొచ్చు. మన గట్టుల వేల్పుల పడిగెల మీద ఉన్న బొమ్మలు మాత్రం వద్దు. అవి డోలి వాళ్లు కథ పాడేటప్పుడు విప్పేవి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చిందంటే ఆ పాట, ఆ కథ గొప్పతనం వల్లే. వేలంలో ఎవరింటి గోడకు పోతుందో తెలియని వస్తువు మీద వేల్పును పెట్టకూడదు.

"మనది విల్లంబు కదా, తుపాకి ఎందుకు?" అని ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. తుపాకి మన మీదికి వచ్చిన వస్తువే. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1874లో మద్రాసు పాలన కిందికి పోయాయి, పోడు మీద పన్ను భారం పెరిగింది. 1879లో రంప పితూరీ మొదలైతే ఆ నిప్పు రేకపల్లికీ పాకింది. అణచడానికి తుపాకులు వచ్చాయి. తర్వాత 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు, మన్యం వీరులు మూడు రోజుల్లో మూడు స్టేషన్ల తుపాకులు తీసుకున్నారు. తీసుకున్నది ఎంతో లెక్క రాసి, సంతకం పెట్టి మరీ పోయారు. శత్రువు సొత్తుకు కూడా లెక్క రాసిన పోరాటం అది.

ఈ కథ ఒక కాగితం మీద తెలుగులో, కోయ మాటలో రాసి ఆ పలక కిందే బిగిద్దాం. కథ లేకుండా పోతే కొన్నవాడు దాన్ని చూసి "అడవిలో వేటగాళ్లు" అనుకుంటాడు. కథతో పోతే మనం ఎవరమో తెలుసుకుంటాడు.

చివరిగా డబ్బు సంగతి. చీటీలు అమ్మి లాటరీ తీద్దామని కొందరన్నారు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీ నేరం. బహిరంగంగా వేలం వేద్దాం, అందరి ముందు పాడిద్దాం. కర్రకెంత, ఇత్తడికెంత, లక్కకెంత, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారు, పాట ఎంతకు పోయింది, ఏ ఊరి పిల్లకు హాస్టల్ ఖర్చుకు ఎంత ఇచ్చాం, ఒక్కొక్కటీ పంచాయతీ గోడ మీద అంటిద్దాం. వందేళ్ల కిందట అడవిలో తిండి లేక తిరుగుతూ కూడా లెక్క రాసినవాళ్ల వారసులం. ఫ్యాను కింద కూర్చొని మనం రాయలేమా?

వచ్చే ఆదివారం ఉలి, బాడిశ, చిత్రిక నేను తెస్తాను. నోటుపుస్తకం మీరు తీసుకురండి. మొదటి పేజీలో మొదటి ఖర్చు రాశాకే మొదటి దెబ్బ వేస్తాను.

జై ఆదివాసీ!