ఆగి సాగే ఊపిరి



ఈ ఏటి స్మారకోపన్యాసం గురక గురించి అనగానే నిర్వాహకులు నవ్వారు. తప్పులేదు. చాలాకాలం వైద్యులకూ అది నవ్వులాటే. గురక పెడుతున్నాడంటే ఒళ్లెరగని నిద్రలో ఉన్నాడనే కదా మన లెక్క!

1956లో అమెరికాలో బర్వెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ఒక రోగి గురించి రాశారు. భారీకాయుడు, వ్యాపారి. పేకాటలో చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చాయి. పందెం పెంచాల్సిన వేళ కునుకు తీశాడు. అంత మంచి ముక్కలు పట్టుకుని నిద్రపోయాక గానీ తనకేదో జబ్బుందని ఆయనకు తోచలేదు. డికెన్స్ పిక్‌విక్ నవలలోని లావుపాటి కుర్రాణ్ణి తలుచుకుని ఆ జబ్బుకు పిక్‌వికియన్ సిండ్రోమ్ అన్నారు. నెపం మాత్రం లావు మీదకు, రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు వాయువు మీదకు పోయింది. అసలు సంగతి రాత్రిపూట జరుగుతోంది. 1965లో ఫ్రాన్స్‌లో గాస్తో బృందం, జర్మనీలో యుంగ్, కూలో ఇలాంటి రోగులను నిద్రలో పరీక్షించి, ఊపిరి ఆగి ఆగి నడుస్తోందని నమోదు చేశారు. గొంతు మూసుకుపోతుంది, మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, మళ్లీ నిద్ర, మళ్లీ మూత. తర్వాతి దశాబ్దంలో స్టాన్‌ఫర్డ్‌లో గిల్మినో దీన్ని స్లీప్ ఆప్నియాగా స్థిరపరిచారు. అప్పటి చికిత్స గొంతుకు రంధ్రం పెట్టడం. 1981లో సిడ్నీలో కాలిన్ సలివాన్ వాక్యూమ్ క్లీనర్ మోటారుతో ముక్కులోకి గాలి తోసి, అయిదుగురు రోగులకు కత్తి పెట్టకుండానే ఊపిరి నిలబెట్టారు. ఇవాళ్టి సీప్యాప్ యంత్రానికి పుట్టిల్లు అదే.

గొంతు తెరవడం తెలిసింది. మరి ఈ రోగుల్లో రక్తపోటు పగటిపూట కూడా ఎందుకు ఎక్కువగా ఉంటోంది? నా దృష్టిలో ఇదే అసలు ప్రశ్న. దీని వెంట పడ్డవారిలో ముఖ్యుడు నండూరి ప్రభాకర్. ఇంటిపేరు చెబితే చాలు, తెలుగువాడని మనకు వేరే చెప్పాల్సిన పనిలేదు. పీహెచ్‌డీ చేసింది మన సూరత్ పక్కనే, బరోడా మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయంలో. తర్వాత క్లీవ్‌లాండ్‌లో, ఆపైన షికాగో విశ్వవిద్యాలయంలో పనిచేశారు. రోగులను చూసే డాక్టరు కాదు, శరీరధర్మ శాస్త్రజ్ఞుడు.

మెడలో పెద్ద ధమని రెండుగా చీలే చోట బియ్యపు గింజంత అవయవం ఉంటుంది. కెరోటిడ్ బాడీ అంటారు. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే మెదడుకు కబురు పంపేది అదే. ఊపిరిని అదుపు చేయడంలో దాని పాత్రను తేల్చినందుకు బెల్జియం శాస్త్రజ్ఞుడు హేమన్స్‌కు 1938 నోబెల్ వచ్చింది. ప్రభాకర్ బృందం 2003లో ఎలుకలకు పదిహేను సెకన్లు ప్రాణవాయువు తగ్గించి, అయిదు నిమిషాలు మామూలు గాలి ఇచ్చి, రోజుకు ఎనిమిది గంటల చొప్పున పది రోజులు ఇదే తంతు నడిపించింది. గింజ పొగరెక్కింది. గాలి సరిపోయాక కూడా కబుర్లు పంపుతూనే ఉంది! పగలూ దిగని రక్తపోటుకు మూలం ఇక్కడే దొరికింది. మొత్తం మీద అంతే సేపు ఏకధాటిగా ప్రాణవాయువు తగ్గించి చూస్తే ఈ తీరు కనబడలేదు. చెరుపు కొరతలో కన్నా ఆ రాకపోకల్లో ఉందన్నమాట. లేహ్ కొండల మీద నెలలు కాపురం చేసేవాడి కొరత వేరు, రాత్రికి వందసార్లు ఊపిరాగే వాడి కొరత వేరు.

పది రోజులు మామూలు గాలిలో ఉంచితే ఎలుకలు కుదుటపడ్డాయి. ఊరట కలిగించే మాటే. అయితే 2017లో జయశ్రీ నండూరి, ప్రభాకర్ తదితరులు ముప్ఫై రోజులు అదే పని చేసి చూస్తే, తర్వాత మంచి గాలి ఇచ్చినా పాత స్థితికి రాలేదు. ఒంట్లో పుట్టే హానికర ఆక్సిజన్ అణువులను అణిచే జన్యువుల మీద మిథైల్ అనే రసాయన ముద్ర పడి, అవి మూగబోయాయి. చికిత్స ఆలస్యానికి జన్యువుల స్థాయిలో లెక్క ఉందని తెలిసిన రోజది.

మన దేశం సంగతి. 2004లో ముంబైలో జరీర్ ఉద్వాడియా బృందం 35 నుంచి 65 ఏళ్ల నగర పురుషుల్లో నిద్రలో ఊపిరి తేడాలు 19.5 శాతం మందిలో, పగటి మగతతో కూడిన జబ్బు 7.5 శాతం మందిలో చూపించింది. సూరత్‌కు ముంబై ఎంత దూరం, ఒక రాత్రి రైలు కూడా కాదు.

అయితే సూరత్‌లో ఈ జబ్బు దాక్కోవడానికి సాకులు తయారుగా ఉన్నాయి. మరమగ్గాల మీద పన్నెండు గంటల షిఫ్టు, వారం మారితే పగలు రాత్రవుతుంది. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటే నైట్ డ్యూటీ అంటాం, బాబిన్ మారుస్తూ కునికితే మేస్త్రీ బద్ధకం అంటాడు. ఊపిరి ఆగిందని చెప్పగలిగేది పక్కన పడుకున్న మనిషే. ఇంటిది వరంగల్‌లోనో కరీంనగర్‌లోనో ఉంటే, గదిలో ఉండేవాళ్లు అలసటతో తామూ ఒళ్లు మరిచి పడుకుంటే, సాక్షి ఎవరు? డాక్టరు దగ్గరికి బీపీ కోసం వెళ్లేవాడు గురక మాట ఎత్తడు, అడగాలని చాలామంది డాక్టర్లకూ తోచదు. మాత్ర మీద మాత్ర వేసినా దిగిరాని బీపీ ఉన్నవాణ్ణి, మెడ లావుగా ఉన్నవాణ్ణి, గదిలో ఉండే తోటివాణ్ణి వెంటబెట్టుకుని రమ్మనండి. నిద్రలో ఏం చూశాడో ముందు అతన్నే అడగండి.